రింగుల లెక్క

మొన్న మధ్యాహ్నం ఆఫీసు పాంట్రీలో ఎవరో మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ పెట్టి, ఫోన్ మాట్లాడుకుంటూ మర్చిపోయారు. ఫ్లోరంతా మాడు వాసన. హౌస్‌కీపింగ్ ఆవిడ కిటికీ కోసం అటూ ఇటూ చూసింది పాపం. గచ్చిబౌలి అద్దాల బిల్డింగుల్లో తెరుచుకునే కిటికీలు ఎక్కడుంటాయి? అందరూ ముక్కు మూసుకుని లేచిపోతుంటే నేను టీ కప్పు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆ వాసనకి నాకు గుర్తొచ్చేది చలి. షికాగో శివారులో, నేల కింద నుంచి ఏసీ గాలి తన్నే ఒక డేటా సెంటర్లో గడిపిన రాత్రుళ్ళ చలి.

పక్క టేబుల్ దగ్గర మా టీం కుర్రాళ్ళు ముగ్గురు వాసన సంగతే పట్టకుండా వాదించుకుంటున్నారు. బాస్కెట్‌బాల్‌లో జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా అని. ఒకడు ఫోన్‌లో లెక్కలు తీసి చదువుతున్నాడు, ఇంకొకడు అవి తప్పంటున్నాడు. వరంగల్ కుర్రాడు నన్ను చూసి, "అన్నా, నువ్వే చెప్పు. జోర్డాన్‌కు జట్టుల తోడు పిప్పెన్ ఉండె. లెబ్రాన్‌కు మొదట్ల ఎవరున్నరే?" అన్నాడు.

నా నోటిదాకా ఒక పేరు వచ్చింది. మోరిస్ స్టోక్స్. ఆ పేరు చెబితే అదెవరంటారు, అదెవరో చెప్పాలంటే ముందు బాబాయి గురించి చెప్పాలి, ఆయన గురించి చెప్పాలంటే ఆ రోజు పనులన్నీ మానుకోవాలి. మీటింగుందని లేచి వచ్చేశాను. మీటింగేమీ లేదు.

*

బాస్కెట్‌బాల్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది సిమెంటు మీద రబ్బరు చప్పుడు. తెనాలిలో మా స్కూలు వెనక కోర్టు ఉండేది. పేరుకే కోర్టు, రింగు ఒకవైపే. బోర్డు డ్రిల్లు మాస్టారు వడ్రంగి చేత చెక్కలు కొట్టించి చేయించింది. ఏ చెక్కకి తగిలితే బంతి ఎటు ఎగురుతుందో మాకు తప్ప ఎవరికీ తెలియదు. బయటి స్కూలువాళ్ళు ఆడటానికొస్తే మాకున్న బలమల్లా అదే. రింగుకి దారం ఉండేది కాదు. దారం లేకపోతే బంతి లోపల్నుంచి పడిందో, పక్కనుంచి జారిందో తేల్చడం ఎవరి వల్లా కాదు. సగం పొద్దు ఆటకి, సగం పొద్దు "పడింది", "పడలేదు" అనే తగువుకి.

బంతి ఒక్కటే. గరుకంతా అరిగిపోయి గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉండేది. రోజు విడిచి రోజు గాలి దిగేది. గాలి కొట్టించాలంటే సైకిల్ షాపుకి మోసుకెళ్ళాలి. దానికో సూది కావాలి. ఆ సూది డ్రిల్లు మాస్టారి సొరుగులో, చాక్‌పీసుల డబ్బాలో, సున్నప్పొడి కింద ఎక్కడో ఉండేది. గుచ్చే ముందు సూదిని నోట్లో పెట్టి తడి చేయాలి. పొడిగా గుచ్చితే లోపల బ్లాడర్ చిరుగుతుంది. నాలుక మీద ఆ ఇనుము రుచి, చాక్‌పీసు రుచి కలిసి ఇప్పటికీ ఉన్నాయి. ఈ డ్యూటీ నాదే. ఐదుగురు ఆడతారు, ఆరోవాడు గాలి కొట్టిస్తాడు. నేను ఆరోవాణ్ణి.

మొదటివాడు పొట్లకాయ. అసలు పేరు వాళ్ళ నాన్నకి కూడా గుర్తుండి ఉండదు. పదో తరగతికే ఆరడుగులు. వాడి చేతికి బంతి అందిందంటే ఇక మాకు తిరిగి రాదు. "పాసివ్వరా, పాసివ్వరా" అని నలుగురూ అరుస్తుండేవాళ్ళు, వాడు చెవిటివాడిలా ముందుకెళ్ళి వేసేవాడు. పడ్డాక ఎవరేం మాట్లాడతారు?

ఒకసారి గుంటూరులో స్కూళ్ళ పోటీలు. మావాడొకడికి కామెర్లు రావడంతో నేను దిగాల్సొచ్చింది. చివరి నిమిషం, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. పొట్లకాయ మీద ముగ్గురు పడ్డారు. వాళ్ళ కాళ్ళ సందులోంచి బంతి నేల మీద ఒక్క గెంతు గెంతి సరిగ్గా నా చేతుల్లోకి వచ్చింది. రింగు కింద నేనొక్కణ్ణే. ఆ రింగుకి తెల్లటి కొత్త దారం ఉంది, గాలికి కొంచెం ఊగుతోంది. అంత తీరిగ్గా దాన్ని చూశానే గానీ బంతి మాత్రం వేయలేదు. గబుక్కున తిరిగి వాడికే విసిరాను. వాడు నా వైపు చూడట్లేదు. భుజానికి తగిలి లైను దాటిపోయింది. విజిల్.

ప్యాసింజర్లో తెనాలి వచ్చేదాకా ఎవరూ ఏమీ అనలేదు. మాస్టారు అందరికీ గోలీసోడా ఇప్పించారు, నాకూ ఇప్పించారు. తిట్టినా బావుండేది. పొట్లకాయ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి పాసిచ్చాడు, అదీ నన్ను నమ్మి ఇచ్చాడు, నేనేమో దాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు వదిలేశాను. ఇది చాలా ఏళ్ళు నాలో ఉండిపోయింది. ఎంసెట్ ర్యాంకు రాని బాధ కూడా ఇంతకాలం లేదు.

*

వైటూకే (2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం) పుణ్యమా అని కోబాల్ నాలుగు ముక్కలు వచ్చినవాడల్లా విమానం ఎక్కిన రోజులు. నేనూ ఎక్కాను. నలుగురం ఒక అపార్ట్‌మెంటు, ఒక పాత కారు, ఒక కుక్కరు. డెవాన్ ఎవెన్యూ నుంచి నెలకోసారి సోనామసూరి బస్తా. ఆదివారం అరోరా బాలాజీ గుడి, అక్కడి పులిహోరే ఆ పూట భోజనం. ఫోన్ కార్డు మీద పూత గోటితో గోకి, పొడుగాటి నంబరు నొక్కి, అమ్మతో "ఆ, తిన్నా" అనేలోపే కార్డు అయిపోయేది.

రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం మా పని. పగలు మార్చేవాళ్ళం, రాత్రి మెయిన్‌ఫ్రేమ్ ఖాళీ అయ్యాక నడిపి చూసేవాళ్ళం. నడుస్తూ నడుస్తూ జాబ్ అబెండ్ అయితే, అంటే మధ్యలో ఆగి చస్తే, చూసుకోడానికి ఒక మనిషి ఉండాలి. పెళ్ళికాలేదు, కారు కూడా లేదు (ఉన్న ఒక్కటీ పంచుకునేదే కదా), ఎక్కడికి పోతాడని నన్ను కూర్చోబెట్టారు.

అక్కడ టేపుల ఆపరేటరు ఒక నల్లజాతి పెద్దాయన. అరవైకి దగ్గర. చలికి పచ్చ స్వెటరు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. మేం తెలుగువాళ్ళం మాలో మేం ఆయన్ని బాబాయి అనేవాళ్ళం. కన్సోల్ మీద నంబరు పడుతుంది. వేల టేపుల్లోంచి ఆ నంబరుది తీసి డ్రైవులో పెట్టాలి. ఆయన నంబరు చదివేవాడు కాదు, చూసేవాడంతే. కాళ్ళు అటు నడిచేవి. టేపు లోపలికి వెళ్ళాక డ్రైవు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసేది. ఆ పని చేసే మరచెయ్యి వచ్చే ఏడాది వస్తుందని అప్పటికే చెప్పుకుంటున్నారు. ఆయనా విన్నాడు, ఎప్పుడూ ఎత్తలేదు.

అర్ధరాత్రి దాటాక బ్రేక్ రూంలో పాప్‌కార్న్. ప్రతిసారీ మాడేది. కొన్నాళ్ళకి గానీ కావాలనే మాడుస్తాడని తెలియలేదు. మనలో కొందరికి గిన్నె అడుగు మాడుచెక్క ఇష్టం కదా, అలాగ.

మొదటి రాత్రే అడిగాడు, మీ దేశంలో బాస్కెట్‌బాల్ ఆడతారా అని. ఆడతాం, మా స్కూల్లో ఒక్కటే రింగు అన్నాను. ఆయన తలూపి, ఒక్కటైనా సంపాదించారు, సంతోషం, ఆస్కార్‌కీ ఒక్కటే అన్నాడు. ఆస్కార్ అంటే ఆస్కార్ రాబర్ట్‌సన్, పాతకాలపు పెద్ద ఆటగాడు. బంతి వేసే రింగు గురించి నేను, ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టుకిచ్చే ఉంగరం గురించి ఆయన. ఇద్దరికీ అనుమానం రాకుండా పావుగంట మాట్లాడుకున్నాం. రింగుకి దారం లేదని నేనన్నప్పుడు మాత్రం కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు.

*

ఆ ఏడాది షికాగోలో జోర్డాన్ తప్ప ఇంకో మాట లేదు. బస్సు మీద జోర్డాన్, పాల డబ్బా కొనే షాపులో జోర్డాన్. మా రూంలో ఒకడికి బంతిని ఎన్నిసార్లు నేలకి కొట్టొచ్చో కూడా తెలియదు, వాడికీ 23 నంబరు బనీను. ఒక్కడే మ్యాచ్ గెలిపిస్తాడు అని నేనూ వాగేవాణ్ణి.

బాబాయి ఖండించేవాడు కాదు, లెక్కలు చెప్పేవాడు. 1986లో బోస్టన్ గడ్డ మీద జోర్డాన్ ఒక్కడే 63 పాయింట్లు వేశాడు, మ్యాచ్ పోయింది. మొదటి మూడేళ్ళూ ప్లేఆఫ్స్‌లో (లీగు అయ్యాక ఛాంపియన్‌షిప్ కోసం ఆడే మ్యాచ్‌లు) షికాగో బుల్స్ గెలిచింది ఒకటి, ఓడింది తొమ్మిది. 1987లో పిప్పెన్, హొరేస్ గ్రాంట్ జట్టులోకి వచ్చారు. 1991లో మొదటి ఉంగరం. మధ్యలో మూడేళ్ళు వరసగా డెట్రాయిట్ చేతిలో దెబ్బలు తిన్నారు, అది వేరే సంగతి. "వాడు ఎంత వేశాడని అడగొద్దు. వాడు వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళు ఏమయ్యారో చూడు" అనేవాడు. నేనది గొప్ప సూత్రం అనుకుని పట్టుకున్నాను. జోర్డాన్ మొదటిసారి మానేసినప్పుడు బుల్స్ 57 గెలుపుల నుంచి 55కి దిగారు, అంతే. పాతకాలం మొనగాడు బిల్ రసెల్ 1969లో మానేస్తే బోస్టన్ 48 గెలుపులు, 34 ఓటముల నుంచి సరిగ్గా తలకిందులై 34 గెలుపులు, 48 ఓటములకి వచ్చింది.

అయితే రసెలే గొప్పా? 13 సీజన్లలో 11 ఛాంపియన్‌షిప్పులు, చివరి రెండూ తానే ఆడుతూ తానే కోచ్‌గా. నేను ఎదురు వాదించేవాణ్ణి. అప్పుడు ఎన్‌బీఏ లీగులో ఎనిమిదీ తొమ్మిదీ జట్లేగా, మా స్కూళ్ళ పోటీల్లో కూడా అంతకంటే ఎక్కువే అని. బాబాయి నవ్వేవాడు. తక్కువ జట్లంటే మంచివాళ్ళంతా ఆ కొద్ది జట్లలోనే కుక్కి ఉంటారు, రోజు మార్చి రోజు అప్పటి మహా ఆటగాడు చాంబర్లేన్‌తోనే తలపడాలి, అది తేలికా? పైగా రసెల్ ఎన్ని షాట్లు ఆపాడో ఎవరూ రాయలేదు. బ్లాకుల లెక్క 1973-74 నుంచే మొదలైంది. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత 1979లో గీశారు. లెక్క రాయని పనిలో మొనగాణ్ణి, లెక్క రాసిన పనిలో మొనగాడితో ఎలా తూస్తావ్?

నిజమే. మన దగ్గర ఘంటసాలా, బాలూ అని కొట్టుకోవడం లాంటిదే. వాద్యగాళ్ళందరితో కలిసి ఒకే టేకులో పాడిన రోజుల్నీ, ట్రాకు పెట్టుకుని ఎవరి ముక్క వాళ్ళు పాడిన రోజుల్నీ ఒక తక్కెట్లో ఎలా పెడతాం?

ఆయనకి మహా ఇష్టమైన కథ బెలూన్లది. 1969 ఫైనల్. లాస్ ఏంజెలెస్ లేకర్స్‌లో జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్, ఆ ఏడే వచ్చి చేరిన విల్ట్ చాంబర్లేన్. ఒక మ్యాచ్‌లో 100 పాయింట్లు వేసిన చాంబర్లేన్. ముగ్గురు మహానుభావులు ఒకే బనీనులో. అవతల రసెల్ ముసలి బోస్టన్, లీగు దశలో తూర్పు విభాగంలో నాలుగో స్థానం. ఆఖరి మ్యాచ్ లాస్ ఏంజెలెస్‌లో. గెలుపు ఖాయమనుకుని లేకర్స్ యజమాని ముందే పైకప్పుకి బెలూన్లు కట్టించాడు. బోస్టన్ 108, లేకర్స్ 106. ఓడిన జట్టు నుంచి వెస్ట్‌కి ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి అవార్డిచ్చారు, మళ్ళీ ఇప్పటిదాకా ఓడినవాడికి ఆ అవార్డు రాలేదు. బేలర్ గతి ఇంకా ఘోరం. 1971-72 సీజన్ మొదట్లో మోకాళ్ళు సహకరించక మానేశాడు. ఆ మర్నాటి మ్యాచ్ నుంచి లేకర్స్ వరసగా 33 గెలిచి, ఆ ఏడు ఛాంపియన్లయ్యారు. బాబాయి ఇది చెప్పి పాప్‌కార్న్ కవరు అడుగున చెయ్యి పెట్టి వెతికేవాడు. "బెలూన్లు దించడానికి ఎవడు ఎక్కాడో ఎవరూ చెప్పరు" అనేవాడు.

మా అపార్ట్‌మెంట్లోనూ ఒక పిప్పెన్ ఉండేవాడు. భీమవరం వైపు అబ్బాయి. రాత్రి రెండింటికి నన్ను తీసుకురావడానికి మంచులో కారు తోలుకొచ్చేది వాడు, పోపు వేసేముందు స్మోక్ అలారం మీద తువ్వాలు కప్పేది వాడు, నలుగురి టాక్సు కాగితాలూ నింపేది వాడు. ఆఫీసులో మంచి పేరు నాకొచ్చింది. వాడు ఊరు మారిన నెల్లో నేను మూడుసార్లు పనికి లేటు.

*

1998 ఫైనల్, బుల్స్‌కీ యూటా జాజ్‌కీ ఆరో మ్యాచ్. ఆదివారం సాయంత్రం. మాకు సిస్టం టెస్ట్ ఉంది. బ్రేక్ రూంలో చిన్న టీవీ, దాని నెత్తిన వంకరగా ఏంటెన్నా. సెక్యూరిటీ ఆయన, ఇద్దరు ప్రింటరు వాళ్ళు, బాబాయి, నేను. మధ్యమధ్యలో కన్సోల్ పిలిస్తే బాబాయి లేచి వెళ్ళి టేపు పెట్టి వచ్చేవాడు, ఏమైందని అడిగేవాడు కాదు. మా మొహాలు చూస్తే తెలిసేది.

పిప్పెన్‌కి మొదటి బుట్ట వేసేటప్పుడే నడుం పట్టేసింది. లోపలికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. అందరం జోర్డాన్‌నే చూస్తున్నాం. బాబాయి వేలితో టీవీ అద్దం మీద కొట్టి, "వాణ్ణి చూడండి" అన్నాడు. పిప్పెన్ వెనక్కి పరిగెత్తలేక, వర్షంలో బురద దాటే మనిషిలా, నడుం బిగబట్టుకుని వస్తున్నాడు. నిలబడటానికే ఓపిక లేనివాడు ఆటలో ఎందుకున్నాడని నేనడిగాను. వాడు నిలబడితే వాణ్ణి కాయడానికి అవతల ఒకడు నిలబడాలిగా అన్నాడు బాబాయి.

ఆఖరి క్షణాలు అందరికీ తెలిసినవే. యూటా మలోన్ చేతిలోంచి వెనకగా వచ్చి జోర్డాన్ బంతి లాక్కున్నాడు, ఇవతలికి తెచ్చాడు, వేశాడు. ఇంకా 5.2 సెకన్లు ఉన్నాయి. 87-86. జోర్డాన్‌వే 45 పాయింట్లు. బయట పార్కింగులో హారన్లు మొదలయ్యాయి. సెక్యూరిటీ ఆయన నన్ను కావలించుకుని ఎత్తి కుదిపాడు.

బాబాయి మాత్రం రీప్లేలో ఇంకోటి చూపించాడు. "ఆ మూలన యూటా స్టాక్టన్‌ని చూడు. కదల్లేదు." కిందటేడు ఇదే ఆరో మ్యాచ్‌లో స్టాక్టన్ తను కాయాల్సిన బుల్స్ ఆటగాడు స్టీవ్ కెర్‌ని వదిలి జోర్డాన్ మీదికి వెళ్ళాడు. జోర్డాన్ బంతి కెర్‌కి ఇచ్చాడు, కెర్ వేశాడు, ఛాంపియన్‌షిప్ అయిపోయింది. అందుకే ఈసారి కెర్‌ని వదల్లేదు. "ఈ షాట్‌లో కెర్ చెయ్యి కూడా ఉంది, ఏ లెక్కలోనూ రాయరు" అన్నాడు.

నాకు ఎందుకో గుంటూరు గుర్తొచ్చింది. ఆ గోలలోనే ఆయనకి మొత్తం చెప్పేశాను, తెల్ల దారంతో సహా. విన్నాడు. ఓదారుస్తాడనుకున్నాను. "ఆ పొడుగువాణ్ణి అడిగావా, నీకెందుకిచ్చాడో?" అన్నాడు. లేదన్నాను. "అడగాలి కదా" అని టేపు పెట్టడానికి వెళ్ళిపోయాడు.

*

నాకు న్యూజెర్సీలో ప్రాజెక్టు వచ్చింది. చివరి రాత్రి, ఆల్‌టైమ్ జట్టు ఐదుగురి పేర్లు రాసివ్వమని బాబాయిని పోరాను. టేపుల మీద అంటించే లేబుల్ ఒకటి తీసి, దాని వెనక బాల్‌పెన్నుతో రాశాడు. రసెల్, ఆస్కార్, వెస్ట్, జోర్డాన్. ఐదోది మోరిస్ స్టోక్స్. చాంబర్లేన్ లేడేంటి, కరీం అబ్దుల్ జబ్బార్ ఏడీ, ఈ స్టోక్స్ ఎవరు అని నేను తగువుకి దిగాను.

అప్పుడు కూర్చున్నాడు. ఆ రాత్రి పాప్‌కార్న్ మర్చిపోయాడు, నిజంగానే మాడిపోయింది.

1957లో రాయల్స్ జట్టు రోచెస్టర్ నుంచి సిన్సినాటికి తరలివచ్చింది. బాబాయి అప్పుడు స్కూల్లో. వాళ్ళ నాన్న సిన్సినాటి గార్డెన్స్‌కి తీసుకెళ్ళాడట, ఎక్కడో పైన చివరి వరసలో సీట్లు. స్టోక్స్ 6 అడుగుల 7 అంగుళాలు. రీబౌండ్ (రింగులో పడక తిరిగొచ్చే బంతి) అందుకుంటాడు, చిన్నవాడిలా డ్రిబుల్ చేసుకుంటూ తనే ముందుకొస్తాడు, పాసిస్తాడు. అంత పెద్ద మనిషి అలా ఆడటం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆడింది మూడే సీజన్లు. 1958 మార్చిలో, ఆఖరి లీగు మ్యాచ్‌లో కిందపడ్డాడు. తల నేలకి కొట్టుకుంది. స్పృహ తప్పింది, తెప్పించారు, మళ్ళీ ఆడాడు. మూడు రోజుల తర్వాత ఇంకో మ్యాచ్ కూడా ఆడాడు. తిరుగు విమానంలో పడిపోయాడు. తర్వాత మెడ కింద నుంచి ఏదీ కదల్లేదు. మాట రాదు. బుర్ర మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తోంది.

అదే జట్టులో జాక్ ట్వైమన్. తెల్లవాడు, అప్పటికి 23 ఏళ్ళు. స్టోక్స్ వైద్యానికి డబ్బు కావాలి, అతని బ్యాంకు నుంచి తీయడానికి సంతకం పెట్టే చెయ్యి లేదు. ట్వైమన్ కోర్టుకెళ్ళి స్టోక్స్‌కి చట్టబద్ధంగా సంరక్షకుడయ్యాడు. ఏటా వేసవిలో క్యాట్స్‌కిల్ కొండల్లో ఒక హోటల్ దగ్గర విరాళాల మ్యాచ్ పెట్టేవాడు, చాంబర్లేన్ లాంటివాళ్ళు వచ్చి ఆడేవాళ్ళు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఏ, బీ, సీ, డీ అని అక్షరాలు ఒక్కొక్కటే చదివేవాడు. కావాల్సిన అక్షరం దగ్గర స్టోక్స్ కళ్ళు మూసి తెరిచేవాడు. ఒక మాటకి ఎంతసేపు పడుతుందో బాబాయి నాకు చేసి చూపించాడు. నా పేరు తీసుకున్నాడు. ఏడక్షరాలు. కన్సోల్ మధ్యలో రెండుసార్లు పిలిచింది. ఆ మధ్యలోనే, 1959-60 సీజన్‌లో, ట్వైమన్ మ్యాచ్‌కి సగటున 31.2 పాయింట్లు వేశాడు. స్టోక్స్ 1970లో పోయేదాకా, పన్నెండేళ్ళు, అలా చూసుకున్నాడు.

"ఇప్పుడు లెక్క వెయ్యి" అన్నాడు బాబాయి. 1956లో కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేటప్పుడు మొదటి అవకాశం రోచెస్టర్ రాయల్స్‌దే. రీబౌండ్లకి స్టోక్స్ ఉన్నాడు కదా, ఇంకో పొడుగువాడెందుకని సిహ్యూగో గ్రీన్‌ని తీసుకున్నారు. వాళ్ళు వదిలేసినవాడే బిల్ రసెల్. రెండో అవకాశంలో సెయింట్ లూయిస్ తీసుకుని బోస్టన్‌కి ఇచ్చేసింది. 1960లో ఆస్కార్ సిన్సినాటికి వచ్చాడు. రెండో సీజన్‌లో సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు (బుట్ట పడేలా ఇచ్చిన పాసులు). పదే పదే బోస్టన్ గోడకి తల కొట్టుకున్నాడు. చివరికి మిల్వాకీ వెళ్ళి, కుర్ర కరీం పక్కన, 1971లో ఆ ఒక్క రింగు సంపాదించాడు. అదే స్టోక్స్ పడిపోకపోయుంటే? రసెల్‌ని వదలకపోయుంటే? స్టోక్స్, ట్వైమన్, ఆస్కార్, రసెల్ నలుగురూ ఒకే జట్టు. "ఆ పదకొండూ మా ఊరికి రావాలి" అన్నాడు. నలభై ఏళ్ళ తర్వాత కూడా బస్సు తప్పిపోయిన మనిషి గొంతు అది.

అన్యాయంగా మాట్లాడుతున్నారు, జరగనివాటికి రింగులివ్వరు అన్నాను. ఎందుకన్నానో. చిన్నతనం. ఆయన ఏమీ అనుకోలేదు. లేబుల్ నా చేతిలో పెట్టాడు.

*

తర్వాత నేను హైదరాబాద్ వచ్చేశాను. ప్రతి క్రిస్మస్‌కీ బాబాయి దగ్గర్నుంచి కార్డు వచ్చేది, సంక్రాంతి దాటాక. శుభాకాంక్షలు ఒక లైను, బాస్కెట్‌బాల్ మూడు లైన్లు. లెబ్రాన్ 2010లో క్లీవ్‌లాండ్ వదిలి స్టార్ ఆటగాళ్ళు వేడ్, బాష్‌లతో కలవడానికి మయామీ వెళ్ళినప్పుడు లోకమంతా తిట్టింది. నేనూ తిట్టాను. జోర్డాన్ అలా వెళ్ళలేదు కదా. ఆ ఏటి కార్డులో బాబాయి ఆస్కార్ గురించి రాశాడు. ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడిగా ఆస్కార్ 1970లో లీగు మీద వేసిన కేసు 1976లో తేలింది, ఆటగాళ్ళు జట్టు మారే దారి దాంతోనే తెరుచుకుంది. పక్కన ఎవరుండాలో తేల్చుకునే వీలు ఆస్కార్‌కి రాలేదు, లెబ్రాన్‌కి వచ్చిందని. వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళని చూడాలన్న నా పాత సూత్రం కూడా ఆ ఏడాదే నా మీదికి తిరిగింది. లెబ్రాన్ పోయాక క్లీవ్‌లాండ్ 61 గెలుపుల నుంచి 19కి పడిపోయింది. కోచ్ మారాడు, ఇంకొందరు కూడా పోయారు, కాబట్టి అంతా అతని ఖాతాలో వేయలేం. అయినా పాంట్రీ కుర్రాడి ప్రశ్నకి అందులో సగం జవాబుంది.

2013 కార్డులో పేపర్లోంచి కత్తిరించిన ముక్క ఒకటి పెట్టాడు. ఎన్‌బీఏ కొత్తగా ఉత్తమ సహచరుడి అవార్డు పెట్టింది, ట్వైమన్, స్టోక్స్ ఇద్దరి పేరు మీదా. ముక్క పక్కన ఏమీ రాయలేదు. ఇంకో రెండేళ్ళు కార్డులొచ్చాయి. తర్వాత రాలేదు. నేను పంపినది కూడా తిరిగి రాలేదు. ఫోన్ నంబరు ఎప్పుడూ తీసుకోలేదు. రోజూ రాత్రి కనబడే మనిషికి ఫోన్ నంబరేంటి అనిపించేది అప్పుడు.

ఆ లేబుల్ నా పాత పాస్‌పోర్టులో ఉంది. జిగురు వైపు కాగితం ఊడిపోయి వీసా పేజీకి అతుక్కుంది. తీస్తే రెండూ చిరుగుతాయి.

*

మొన్న పాంట్రీలోంచి లేచి వచ్చిన రాత్రి పొట్లకాయకి ఫోన్ చేశాను. తెనాలిలోనే పురుగుమందుల షాపు. అప్పుడప్పుడు మాట్లాడుకుంటాం గానీ గుంటూరు సంగతి ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. షాపు మూసే టైము, షట్టరు కిందికి లాగుతున్న చప్పుడు వినబడుతోంది. ఎలా మొదలెట్టాలో తెలియక నేరుగా అడిగేశాను. ఆ రోజు నాకెందుకు పాసిచ్చావురా అని.

"ఏ రోజు?"

చెప్పాను. కామెర్లు, ఒక్క పాయింటు, ముగ్గురు మీద పడటం, తెల్ల దారం.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తాళం వేసుకుంటున్నాడు.

"నీకిచ్చానా? పాసేంట్రా! ఆ నున్నటి బంతే కదా మనం పట్టుకెళ్ళింది, చెమటకి జారిపోయింది. ఎవడి కాళ్ళ కిందికి పోయిందో కూడా నేను చూళ్ళేదు. అదిసరే, నువ్వు కొట్టించుకొచ్చిన గాలే కదా, అంత తక్కువ కొట్టించావేంట్రా ఆ రోజు? సరిగ్గా ఎగిరేది కూడా కాదు."